గాలి ఉన్న రోజు కయాక్‌లో లోతుకు వెళ్లాలంటే దగ్గర ఏమేం ఉండాలి?

ప్రశ్న:
రెండేళ్లుగా చిన్న చెరువుల్లోనే కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడుపుతున్నాను. మొన్న మొదటిసారి పెద్ద నీళ్లలోకి వెళ్తే గాలి లేచింది, ఒడ్డుకు రెండు వందల మీటర్ల దూరంలో బోల్తా పడ్డాను. లైఫ్ జాకెట్ ఉంది కానీ బెల్టులు వదులుగా ఉండటంతో అది గడ్డం దాకా ఎగదన్నింది. ఒక చేత్తో దాన్ని కిందికి లాక్కుంటూ ఇంకో చేత్తో పడవ పట్టుకునేసరికి తెడ్డు కొట్టుకుపోయింది. వేరేవాళ్లు వచ్చి లాగారు కాబట్టి సరిపోయింది. మళ్లీ వెళ్లే ముందు ఏం కొనాలి?

జవాబు 1:
కొనడం తర్వాత బ్రదర్, ముందు ఆ బెల్టులు బిగించండి. ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని జాకెట్‌ని పైకి లాగమనండి, చెవుల దాకా వస్తే అది మీ సైజు కాదు. తర్వాత పాడిల్ ఫ్లోట్, నీళ్లు తోడే పంపు తీసుకోండి. ఫ్లోట్‌ని తెడ్డు చివర తొడిగి గాలి ఊది, తెడ్డుని పడవకి అడ్డంగా పెడితే అది ఊతం ఇస్తుంది, దాని మీద బరువు వేసి పొట్ట మీద పాకుతూ పైకెక్కొచ్చు. ఒడ్డు దగ్గర, పక్కన మనిషి ఉండగా, పదిసార్లు కావాలని బోల్తా పడి ఎక్కి చూడండి. అది చేతకాకుండా లోతుకు వెళ్లొద్దు. పడవని మాత్రం ఎప్పుడూ వదలొద్దు, నీళ్లలో తల ఒక్కటే తేలుతుంటే దూరం నుంచి ఎవరికీ కనపడదు.

జవాబు 2:
గాలి ఎటు వీస్తోందో చూశారా? ఒడ్డు నుంచి లోపలికి వీస్తుంటే ఒడ్డు దగ్గర నీళ్లు నున్నగా కనపడతాయి, లోపలికి పోయేకొద్దీ అలలు లేస్తాయి, తిరిగి రావాలంటే మొత్తం ఎదురుగాలే. అలాంటి రోజు నేను అసలు దిగను. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. 10 నాట్లు, అంటే గంటకు 18 కిలోమీటర్లు దగ్గరపడితే అక్కడక్కడా తెల్ల నురగలు మొదలవుతాయి, కొత్తవాళ్లకి అదే హద్దు. వీలైతే ముందు ఎదురుగాలిలో వెళ్లి, అలిసిపోయాక గాలివాటాన తిరిగి రండి.

జవాబు 3:
ఎండ చూసి బట్టలు వేసుకోకండి, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో చూసి వేసుకోండి. బాగా చల్లటి నీళ్లలో పడగానే ఊపిరి ఎగదన్నుకొస్తుంది, అది అదుపులోకి రావడానికి దాదాపు ఒక నిమిషం, ఆ తర్వాత చేతులు మన మాట వినేది పది నిమిషాలే. అందుకే వెట్‌సూట్, అంటే నీళ్లలో ఒంటి వేడి పోకుండా కాపాడే బిగుతు సూట్. విజిల్, వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవలవాళ్లు మాట్లాడుకునే చేతి రేడియో) జాకెట్‌కే ఉండాలి, పడవలో పెడితే పడవతోపాటే పోతాయి. సముద్రంలో సాయం అడిగే ఛానెల్ 16. ఫోన్ వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో ఉన్నా తడి వేళ్లకి స్క్రీన్ సరిగా పలకదు, దాన్నే నమ్ముకోవద్దు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. ఇప్పుడే జాకెట్ లాగించి చూశాను, బెల్టులు పూర్తిగా బిగించినా ముక్కు దాకా వచ్చేసింది. తెడ్డుకి తాడు కట్టుకోవచ్చా?

జవాబు 1:
కట్టొచ్చు, కానీ పడవకి కట్టండి, ఒంటికి కాదు. ఒడ్డున అలలు విరిగే చోట మాత్రం విప్పేయండి, అక్కడ దొర్లితే తాడు కాళ్లకి చుట్టుకుంటుంది.