‘రయట్ గర్ర్ర్ల్’కు ‘అల్లరి పిల్ల’ సరిపోతుందా?

విద్యార్థిని:

సభ్యులందరికీ నమస్కారం. స్త్రీవాద పంక్ సంగీతమన్నా (పంక్ అంటే డెబ్బైలలో పేరు తెచ్చుకున్న గరుకైన గిటార్ సంగీతం), దాని చుట్టూ పుట్టిన జిరాక్స్ పత్రికలన్నా, ఆ బృందాల మాటతీరన్నా నాకు ప్రాణం. వాటి గురించి తెలుగులో రాయబోయిన ప్రతిసారీ ఒక పేరు దగ్గర ఆగిపోతున్నాను. 1991లో అమెరికాలో, ఒకవైపు వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపియా పట్టణంలోనూ, మరొకవైపు దేశ రాజధాని వాషింగ్టన్ డి.సి.లోనూ రూపుదిద్దుకున్న ఆ స్త్రీవాద పంక్ ఉద్యమానికి దాని మనుషులే పెట్టుకున్న పేరు ‘రయట్ గర్ర్ర్ల్’. ఇంగ్లీషులో ‘రయట్’ అంటే అల్లర్లు, ‘గర్ల్’ అంటే ఆడపిల్ల. ‘తిరుగుబాటు బాలికలు’ అంటే బడి వార్షికోత్సవంలో వేసే నాటిక పేరులా ఉంది. ‘విప్లవ యువతులు’ అంటే ఆ పేరులోని వెటకారం ఒక్క చుక్కైనా మిగలడం లేదు. ‘అల్లరి పిల్ల’ అనే మాటను నేను ప్రతిపాదిస్తున్నాను. పెద్దలు పరిశీలించి చెప్పగలరు.

ఏకవచనంలో ‘అల్లరి’ అంటే ఆకతాయితనం, గోల. బహువచనంలో ‘అల్లర్లు’ అనగానే రాళ్లు, లాఠీలు, కర్ఫ్యూ గుర్తుకు వస్తాయి. ‘అల్లరిపాలు’ అన్నామంటే నలుగురిలో పరువు పోయిందని. ఈ మూడు అర్థాలూ ఆ ఉద్యమంలో ఉన్నాయన్నదే నా వాదం.

పేరులోని ‘రయట్’ ఊరికే తగిలించిన విశేషణం కాదు. 1991 మే నెలలో వాషింగ్టన్ డి.సి.లోని మౌంట్ ప్లెజెంట్ అనే పేటలో, ఒక పోలీసు అధికారి ఎల్ సాల్వడార్ దేశం నుంచి వచ్చిన వలసదారుణ్ణి కాల్చి గాయపరచడంతో, కొన్ని రోజులపాటు నిజమైన అల్లర్లు జరిగాయి. వాటిని దృష్టిలో పెట్టుకొని జెన్ స్మిత్ తన స్నేహితురాలు, బ్రాట్‌మొబైల్ బృందం గాయని అలిసన్ వుల్ఫ్‌కు రాసిన ఉత్తరంలో, ఈ వేసవిలో అమ్మాయిల అల్లర్లు కూడా జరగాలన్న అర్థం వచ్చే మాట రాసిందని చెబుతారు. ఆ వేసవిలోనే వుల్ఫ్, ఆమె బృందానికే చెందిన మాలీ న్యూమన్ కలిసి, మడిచి పిన్ను కొట్టిన చిన్న పత్రిక ఒకటి తెచ్చి, దానికి ఈ పేరు పెట్టారు. అమ్మాయిలు వారం వారం సమావేశమై తమ మీద జరిగిన హింస గురించి మాట్లాడుకున్నారు. ఆగస్టులో ఒలింపియాలో జరిగిన స్వతంత్ర సంగీత సమ్మేళనంలో మొదటి రాత్రి వేదికను ఆడవాళ్లు ముందుండే బృందాలకు కేటాయించారు.

ఇక మూడవ అర్థం. బికినీ కిల్ బృందం గాయని క్యాథ్లీన్ హానా, వీధిలో ఆడవాళ్లను తిట్టడానికి వాడే మాటలను మార్కర్ పెన్నుతో తన ఒంటి మీద పెద్ద అక్షరాలతో రాసుకొని వేదిక ఎక్కేది. అభిమానులైన అమ్మాయిలు కూడా చేతుల మీద అలాగే రాసుకునేవారు. తమను అల్లరిపాలు చేయడానికి ఎవరో అనబోయే మాటను వాళ్లే ముందుగా రాసుకొని నిలబడితే, అనేవాడికి అనడానికేమీ మిగలదు. ఇంత పనిని ఒకే ధాతువుతో చేయగల మాట తెలుగులో ఉండగా సంస్కృత సమాసాల కోసం వెతకడం ఎందుకన్నది నా సందేహం.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:

అమ్మా, మీ పరిశీలన బాగుంది. ‘అల్లరి’, ‘అల్లర్లు’, ‘అల్లరిపాలు’ అన్న మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన నాకెన్నడూ రాలేదు. అయినా ‘అల్లరి పిల్ల’ను నేను ఒప్పుకోలేకపోతున్నాను.

‘అల్లరి’ పక్కన ‘పిల్ల’ చేరగానే ఆ మాట చెప్పేవాడి ముఖం మీద చిరునవ్వు వస్తుంది. అది పెద్దవాళ్లు చూసే చూపులోంచి పుట్టిన మాట. అందులో నేరం ఉంది గానీ, క్షమాపణ కూడా ముందే సిద్ధంగా ఉంది. ఇంగ్లీషు ‘రయట్’కు అటువంటి వెసులుబాటు లేదు. 1715 నుంచి బ్రిటన్‌లో అమలైన అల్లర్ల చట్టం ప్రకారం, పన్నెండు మందికి తక్కువ కాకుండా గుమిగూడి అలజడి చేస్తున్నవారికి అధికారి ఒక ప్రకటన చదివి వినిపించేవాడు. గంటలోగా చెదిరిపోకపోతే మరణశిక్షకు సైతం అర్హులయ్యేవారు. ఆ చట్టాన్ని చదివి వినిపించడం అన్న మాటే, గట్టిగా మందలించడం అనే అర్థంలో, ఇంగ్లీషులో నుడికారంగా నిలిచిపోయింది. అంత బరువున్న పదాన్ని తమకు తాము తగిలించుకున్న ఆడవాళ్లను మనం ‘అల్లరి పిల్లలు’ అంటే, వాళ్ల కోపాన్ని ముద్దు చేసినట్లవుతుంది. కోపాన్ని ముద్దు చేయడం కంటే అవమానం వేరే ఉందా? ‘రయట్ గర్ర్ర్ల్’ అని మూలాన్నే తెలుగు లిపిలో రాసి, పక్కన వివరణ ఇవ్వడం మేలు.

లిపి మీద ఆసక్తి ఉన్న సభ్యురాలు:

మాస్టారూ, మూలాన్నే రాయమన్నారు గానీ, ఆ మూలాన్ని తెలుగు లిపిలో రాయడమే అసలు చిక్కు.

‘గర్ల్’ అనే మాటకు ఇంగ్లీషులో ఉన్న ఒకే ఒక అచ్చును తీసేసి, దాని స్థానంలో రేఫలను పేర్చి ‘గర్ర్ర్ల్’ చేశారు. కనిపించేది ఆడపిల్ల, వినిపించేది గుర్రుమనే చప్పుడు. ఈ వర్ణక్రమాన్ని బికినీ కిల్ డ్రమ్మర్ టోబీ వేల్ తన ‘జిగ్‌సా’ పత్రికలో మొదలుపెట్టిందని సాధారణంగా చెబుతారు. అందులో ఒక చమత్కారం ఉంది. అంతకు ముందు తరం స్త్రీవాదులు కొందరు, ‘ఉమెన్’ అనే మాటలో మగవాణ్ణి సూచించే భాగం ఉండకూడదని దాని అక్షరాలు మార్చి రాసేవారు. ఆ పద్ధతిని గౌరవిస్తూనే కాస్త ఆట పట్టించడం కూడా వేల్ ఉద్దేశమంటారు. తెలుగులో మనం ‘గ’ అని రాయగానే, వాళ్లు పనిగట్టుకొని తీసేసిన అచ్చు అకారంగా తిరిగి వచ్చి కూర్చుంటుంది. దానిని తీసేసి ‘గ్ర్ర్ర్ల్’ అని రాస్తే ఒత్తుల గుట్టను చూసి పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు. ‘గర్ర్ర్ల్’ అన్నది రాజీయే అయినా, కంటికి కొంత గరుకుగా తగులుతుంది కనుక నాకు సమ్మతమే.

ధ్వన్యనుకరణాన్నే తెలుగు చేద్దామంటే మరొక ప్రమాదం. మనకు ‘గుర్రు’ ఉంది. కానీ ‘గుర్రు పెట్టే పిల్ల’ అంటే ఆమె ఒళ్లెరగకుండా నిద్రపోతోందనుకుంటారు. ‘గాండ్రించే పిల్ల’లో కోపం ఉంది, హాస్యం లేదు.

‘పిల్ల’ విషయంలో మాత్రం నేను విద్యార్థిని గారి పక్షమే. డెబ్బైల నాటి స్త్రీవాదులు, ఆఫీసులో పనిచేసే వయసొచ్చిన ఆడవాళ్లను ‘గర్ల్’ అనడం చిన్నచూపని పోరాడి, ‘ఉమన్’ అనిపించుకున్నారు. తొంభైల అమ్మాయిలు, వాళ్లు వదిలేసిన ఆ మాటనే కోరి తీసుకున్నారు. బాల్యంలోనూ కౌమారంలోనూ ఆడపిల్లకు ఎదురయ్యే విషయాలను పాడాలంటే ఆ వయసు పేరే కావాలన్నది వాళ్ల పట్టుదల. పైగా మధ్యయుగపు ఇంగ్లీషులో ‘గర్ల్’ అంటే ఆడైనా మగైనా చిన్నబిడ్డ అనే అర్థం ఉండేది, తరువాతే అది ఆడపిల్లకు పరిమితమైంది. మన ‘పిల్ల’ నేటికీ రెండు చోట్లా ఉంది. ‘పిల్లలు’ అంటే అందరూ, ‘పిల్ల’ అంటే అమ్మాయి. ‘యువతి’కి గానీ ‘బాలిక’కు గానీ ఈ కొనసాగింపు లేదు.

విద్యార్థిని:

మాస్టారూ, ముద్దు చేస్తున్నామేమో అన్న మీ భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. కానీ ఆ ముద్దును ఈ బృందాలే ఎర వేసినట్లు వాడుకున్నాయి. ‘బ్రాట్‌మొబైల్’ అనే పేరులోని మొదటి మాటకు అర్థం పెంకిపిల్ల. హానా పాడేటప్పుడు ఒక చరణాన్ని గారాబంగా, అమాయకపు చిన్నపిల్ల గొంతుతో మొదలుపెట్టి, వినేవాడు నవ్వుకునేలోపే గొంతు చించుకొని అరుస్తుంది. పెద్దవాళ్ల చిరునవ్వు ఆ పాటలో ఒక భాగం. అది ఎక్కడ ఆగిపోతుందో వాళ్లకు ముందే తెలుసు. ‘అల్లరి పిల్ల’ అని చదివి నవ్విన పాఠకుడు, తరువాతి పేరాలో లైంగిక హింస గురించిన పాటను చదివినప్పుడు అదే దెబ్బ తింటాడు. అందుకే ఆ నవ్వు నాకు కావాలి.

ఇంకొకటి. మూలాన్ని యథాతథంగా ఉంచినంత మాత్రాన కోపం భద్రంగా ఉంటుందని కూడా చెప్పలేము. 1992 నాటికి పెద్ద పత్రికల దృష్టి ఈ అమ్మాయిల మీద పడింది. వాళ్లు ఏం చెబుతున్నారన్నదాని కంటే ఏ బూట్లు వేసుకున్నారు, జుట్టుకు ఏ క్లిప్పులు పెట్టుకున్నారు అన్నదాని మీదే రాతలు ఎక్కువ కావడంతో, విసిగిపోయి, పత్రికలతో మాట్లాడవద్దని తమలో తాము పిలుపునిచ్చుకున్నారు. అదంతా ఇంగ్లీషులోనే, ఒక్క అక్షరం అనువాదం కాకుండానే జరిగింది. ‘గర్ల్ పవర్’ అనే మాట 1991 నాటి బికినీ కిల్ జిరాక్స్ పత్రిక ముఖచిత్రం మీద ఉంది. 1996 తరువాత స్పైస్ గర్ల్స్ అనే బ్రిటిష్ పాప్ బృందం నోట అదే మాట సరుకుల మీద అచ్చు వేసే నినాదమైంది.

‘పంక్’ మాటేమిటని కూడా అడగవచ్చు. షేక్స్‌పియర్ కాలంలో ఆ మాటకు వేశ్య అని అర్థం. ‘మెజర్ ఫర్ మెజర్’ నాటకంలో కన్య, భార్య, విధవ కాని స్త్రీ బహుశా ‘పంక్’ అయి ఉంటుందని ఒక పాత్ర ఎగతాళిగా అంటాడు. ఆడవాళ్లను అవమానించిన పదం ఎన్నో చేతులు మారి, డెబ్బైలలో మగపిల్లల గిటార్ సంగీతానికి పేరై, మళ్లీ ఆడవాళ్ల చేతికే వచ్చింది. 1977లో లండన్‌లో పంక్ గాయని పాలీ స్టైరీన్, ఆడపిల్లలు కనిపించాలే తప్ప వినిపించకూడదన్న పాత సామెతను చిన్నగొంతుతో చెప్పి, మరుక్షణమే కేకతో కొట్టిపారేసిన పాట మొదలుకొని ఈ వరుస నడుస్తోంది. ‘పంక్’ను మాత్రం అనువదించమని ఎవరూ అడగరు గనుక దాని గతం ఎవరికీ కనిపించదు.

మరొక సభ్యుడు:

చర్చలో ఒక మాట పక్కకు జరిగిపోయింది. ‘అల్లరి’కీ ‘అల్లర్లు’కీ మధ్య తేడా వ్యాకరణంలో వచనభేదమే, లోకంలో మాత్రం ఎవరు చేశారన్నదే ఆ తేడాను నిర్ణయిస్తుంది. మౌంట్ ప్లెజెంట్‌లో వీధిలోకి వచ్చిన లాటినో వలసదారులది ‘అల్లర్లు’ అయింది. నగర మేయర్ కర్ఫ్యూ విధించారు. ఆ పేరును అరువు తెచ్చుకొని పాటలు పాడిన బృందాల్లో ఎక్కువమంది తెల్లజాతి అమ్మాయిలు, చాలామంది కాలేజీ చదువుల నుంచి వచ్చినవారు. వాళ్లది లోకం దృష్టిలో ‘అల్లరి’గానే మిగిలింది. మాస్టారు చెప్పిన ఆ ముందే సిద్ధంగా ఉన్న క్షమాపణ అందరికీ దొరికేది కాదు.

ఈ విమర్శను బయటివాళ్ల కంటే ముందు లోపలివాళ్లే చేశారు. ‘గంక్’ పత్రికను తెచ్చిన నల్లజాతి అమ్మాయి రామ్‌దాషా బిక్సీమ్, ఆ సమావేశాల్లో తనలాంటివారు ఎంత తక్కువమంది ఉన్నారో అప్పుడే రాసింది. 1997లో మిమీ తీ న్విన్ సంకలనం చేసిన పత్రిక పేరులో ‘రయట్’ పక్కన జాతి అన్న మాటను చేర్చి, లోటు ఎక్కడుందో పేరుతోనే చూపింది. విద్యార్థిని గారు ఏకవచనాన్ని వాడితే, ఈ ప్రశ్న కూడా ఆ ఏకవచనంలో ఉందని ఒక్క వాక్యమైనా రాయాలని నా మనవి. ‘అల్లరి పిల్ల’ అన్న మాటకు నేను వ్యతిరేకిని కాను. ఇంగ్లీషులో దాగిపోయిన ఈ తేడాను తెలుగు బయటపెడుతోంది గనుక, ఒక రకంగా ఇదే మెరుగు.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:

ఈ చివరి వాదం నన్ను కొంత కదిలించింది. 2012 ఫిబ్రవరిలో మాస్కోలోని క్రీస్తు రక్షకుని ప్రధాన ఆలయంలో పాడినందుకు పుస్సీ రయట్ అనే రష్యన్ స్త్రీవాద పంక్ బృందం సభ్యులు ముగ్గురికి అదే సంవత్సరం ఆగస్టులో రెండేళ్ల జైలుశిక్ష పడింది. అభియోగం పేరు హూలిగనిజం. దానికి తెలుగు చెప్పమంటే నేను ‘అల్లరిమూకతనం’ అనే అంటాను. ఆ రష్యన్ బృందం తన పేరును రష్యన్‌లోకి మార్చుకోకుండా ఇంగ్లీషులోనే పెట్టుకుందన్నది నా పక్షానికి ఆధారం. అభియోగానికి తెలుగు ‘అల్లరి’ నుంచే రావడం మీ పక్షానికి ఆధారం. కాబట్టి శీర్షికలోనూ మొదటి ప్రస్తావనలోనూ ‘రయట్ గర్ర్ర్ల్’ అని ఉంచండి. ఆ తరువాత వ్యాసమంతటా ‘అల్లరి పిల్ల’ అని వాడుకోండి. ‘అల్లరి పిల్లలు’ అన్న బహువచనం మాత్రం మగపిల్లలను కూడా కలుపుకుంటుంది, అది గమనించుకోండి.

విద్యార్థిని:

కలుపుకున్నా పరవాలేదు మాస్టారూ. బికినీ కిల్‌లో గిటార్ వాయించిన బిల్లీ కారెన్ మగవాడే. ఇంగ్లండులో వాళ్లకు తోడుగా నిలిచిన హగ్గీ బేర్ బృందంలోనూ ఆడ, మగ ఇద్దరూ ఉన్నారు. మీరన్న పద్ధతిలోనే రాస్తాను. ఏకవచనం గురించిన వాక్యాన్ని కూడా చేరుస్తాను.

అయితే ‘గర్ల్స్ టు ద ఫ్రంట్’ అన్న పిలుపు దగ్గర ఆ కలుపుకోవడం కుదరదు. వేదిక ముందు మగవాళ్లు ఒకరినొకరు గుద్దుకుంటూ గెంతే చోట ఆడవాళ్లు నిలబడలేక గోడల వెంట ఉండిపోయేవారు. పాట మొదలుకాకముందే హానా, అమ్మాయిలను ముందుకు, మగవాళ్లను వెనక్కి జరగమనేది. ముందుకు వచ్చినవారికి పాటల కాగితాలు పంచేవారు. దీనిని ‘అమ్మాయిలు ముందుకు రండి’ అని రాయాలా, ‘అమ్మాయిలు ముందుకు’ అని రాయాలా అని ఆలోచించి, క్రియ లేని రెండవదాన్నే ఎంచుకున్నాను. ‘రండి’ అంటే మాట అమ్మాయిలకే వినిపిస్తుంది. క్రియ లేకపోతే, ఇప్పటికే ముందు నిలబడి ఉన్నవాడికి కూడా అది తనకు చెప్పిన మాటేనని తెలుస్తుంది.