78 ఏళ్ల నాన్నకు పై బీపీ 120కి దించాలా?

గోదావరి_గట్టు: నాన్నకు బీపీ 168/66 ఉండేది. టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టిన మూడు వారాలకు 138/62కి వచ్చింది, కానీ రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1 నుంచి 1.3 అయింది. డాక్టర్ గారు 120కి దించాలని డోసు పెంచుతానంటున్నారు. కిడ్నీలు పాడవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

రాధిక_నెల్లూరు: పెంచనివ్వకండి. మా అమ్మకు ఇలాగే పెంచారు. తెల్లవారుజామున బాత్రూమ్‌కని లేచి పడింది, తుంటి విరిగింది. ఆ వయసులో 150 ఉంటే ఏమవుతుందట?

మందుల_శ్రీను: ఏమవుతుందో చెబుతాను. 168కి 66 అంటే మధ్యలో 102 తేడా. మహాధమని, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, గట్టిపడిందనడానికి అదే గుర్తు. మెత్తని ధమని గుండె కొట్టే ప్రతి దెబ్బకూ సాగి, ఆ ఊపును తనలోనే అణచుకుంటుంది. గట్టిపడితే ఆ ఊపంతా కిడ్నీలోని సన్నని నాళాల మీద పడుతుంది. గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు వెళ్లేది అక్కడికే. ఈ మాత్ర వడపోత దగ్గర ఒత్తిడి తగ్గిస్తుంది, అందుకే మొదట్లో క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. 30 శాతం దాటితే ఆలోచించాలి. ఇక్కడ 18. పొటాషియం చూపించారా?

రాధిక_నెల్లూరు: పెరిగిందని మీరే ఒప్పుకున్నారుగా!

సూర్యం_మాస్టారు: బాబూ, మోకాళ్ల నొప్పులకు బిళ్లలేమైనా వేసుకుంటున్నారా? కిడ్నీకి అవీ చెరుపే.

గోదావరి_గట్టు: డైక్లోఫెనాక్ అప్పుడప్పుడూ వేసుకుంటారు మాస్టారూ. పొటాషియం 4.6.

మందుల_శ్రీను: 2015లో వచ్చిన స్ప్రింట్ అధ్యయనంలో 9,361 మంది ఉన్నారు. 120 లోపు ఉంచితే 75 దాటినవాళ్లలో కూడా గుండె జబ్బులు, మరణాలు తగ్గాయి.

రాధిక_నెల్లూరు: హఠాత్తుగా కిడ్నీ దెబ్బతినడం ఎక్కువైంది కూడా అందులోనే. షుగర్ ఉన్నవాళ్లను అసలు తీసుకోలేదు. మీరొక్కరే చదువుకున్నట్టు మాట్లాడకండి.

మందుల_శ్రీను: మా నాన్నను "వయసు కదా, 170 మామూలే" అని పదేళ్లు వదిలేశారండీ. చివరి రెండేళ్లు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి ఆయన్ను మోసుకెళ్లింది నేను. ఆపేయమంటే నాకు కోపం రాదా?

రాధిక_నెల్లూరు: మా అమ్మను ఒక్కరైనా నిలబెట్టి బీపీ చూశారా? కూర్చోబెట్టి 134 అని రాసుకుని పంపేశారు. పడ్డాక చూస్తే నిలబడినప్పుడు 98! ఆ ఒక్క పరీక్ష చేసి ఉంటే ఈరోజు నడిచేది.

మందుల_శ్రీను: అది పెద్ద తప్పేనండీ. లేచాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడాలి. 20 పడిపోతే ముందు దాని సంగతి తేల్చాలి. ఇది మొదటే చెప్పాల్సింది, క్షమించండి.

గోదావరి_గట్టు: ఇప్పుడే చూశాను. కూర్చుంటే 136, లేచిన మూడు నిమిషాలకు 112. కళ్లు తిరుగుతున్నాయా నాన్నా అంటే, "రోజూ పొద్దున్నే తిరుగుతాయిరా, నువ్వు కంగారుపడతావని చెప్పలేదు" అన్నారు. మంచం పట్టె పట్టుకునే ఉన్నారు ఇంకా. రేపు ఈ అంకెలు రాసుకుని డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తున్నాను.