కర్రీ పాయింట్‌లో రాత్రి మిగిలిపోయేవి ఏం చేస్తున్నారు?

కూకట్‌పల్లి కర్రీస్:
మాది చిన్న కర్రీ పాయింట్ అండీ, మా ఆయనా నేనూ ఒక మాస్టరూ అంతే. రోజూ ఒక పది పన్నెండు రకాలు పెడతాం. రాత్రి షట్టర్ దించేటప్పటికి దొండకాయ ఫ్రై సగం ట్రే, పప్పు ఇంత, కొబ్బరి పచ్చడైతే డబ్బాకి డబ్బా, అన్నీ తడిచెత్త బండికే పోతున్నాయి. పోనీ తగ్గించి వండుదామంటే ఎనిమిదిన్నరకే ట్రేలు ఖాళీ, ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు పక్క షాపుకి పోతారు, ఒకసారి పోతే మళ్లీ ఇటు రారు. ఎవరికైనా ఇద్దామన్నా ఆ టైముకి ఎవరూ దొరకట్లేదు. వేపుళ్ల నూనె కూడా మిగులుతోంది, కిలో లెక్కన కొంటానని ఒకతను వస్తున్నాడు, ఇచ్చేయొచ్చా?

గోదారి మెస్:
అక్కా, ఎవరికివ్వాలి అన్నది తర్వాత, ముందు రాత్రి ట్రేలు ఒక్కోటి కాటా మీద పెట్టి కూర పేరు, ఏ వారం, ఎంత మిగిలింది నోట్‌బుక్‌లో రాయండి. అన్నీ సమానంగా మిగలవు, ఎప్పుడు చూసినా ఆ రెండు మూడే. మా దగ్గర కాకరకాయ అని తేలింది, మాస్టర్‌కి చేయి తిరిగిన కూర కాబట్టి వారానికి మూడుసార్లు దింపుతున్నాడు, తినేవాడు లేడు. ఇంకోటి, మొత్తం ఒకేసారి వండెయ్యొద్దు. ఉల్లి టమాటా గ్రేవీ, ఉడికిన ఉత్త పప్పు ఫ్రిజ్‌లో ఉంచుకుని ఏడు దాటాక జనాన్ని బట్టి కొంచెం కొంచెం తాలింపు పెట్టుకోండి. పప్పు ఉత్తదిగా ఉన్నంతవరకే మన చేతిలో ఉన్నట్టు, పాలకూర కలిపేస్తే ఇంక ఆ పూటకి అమ్ముడుపోవాల్సిందే. కొబ్బరి పచ్చడి రెండు దఫాలుగా రుబ్బండి. కార్తీకంలో చికెన్ సంగతి మీకు తెలిసిందే.

టిఫిన్స్ అన్న:
మిగిలిన అన్నం పొద్దున్నే పులిహోర కలిపేయండి, అందరూ చేసేదే.

కిచెన్ సూపర్‌వైజర్:
రాత్రంతా డేక్షాలో బయటే ఉన్న అన్నంతో పులిహోర అమ్మకండి అన్నా, అందులో పెరిగే బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఇంట్లో మనం చద్దన్నం తినడం వేరు, డబ్బులు తీసుకుని పదిమందికి పెట్టడం వేరు. మేడమ్, నూనె విషయానికొస్తే టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగితే అందులో పెరిగే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్రం ఫుడ్ సేఫ్టీ సంస్థ) రూల్ 2018 జులై నుంచే ఉంది, రోజుకి 50 లీటర్ల పైన వాడేవాళ్లు రిజిస్టర్ కూడా పెట్టాలి, మీకు అంత ఉండదు గానీ ఆ కొనే అతను ఎక్కడికి తీసుకెళ్తున్నాడో అడగండి, నీళ్లు నమిలాడంటే అది తిరిగి ఏ బజ్జీల బండి మూకుడులోకో పోతున్నట్టే. వాడేసిన వంటనూనె కోసం రూకో అని ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లదే స్కీమ్ ఉంది, దాని కింద బయోడీజిల్‌కి తీసుకునేవాళ్లున్నారు, వాళ్లకివ్వండి. సింకులో మాత్రం పొయ్యకండి, డ్రైనేజీ జామైతే ఓనర్‌తో గొడవ. తొక్కల గురించి ఎవరైనా బయోగ్యాస్ అంటారేమో, బోయిన్‌పల్లి మార్కెట్‌లో కరెంటు తీస్తున్నారు నిజమే కానీ అది రోజుకి 10 టన్నుల లెక్క, మన బకెట్‌కి కుదరదు. బీరకాయ తొక్కు మాత్రం పారేయకండి, పచ్చడి చేసి పెడితే ముందు అయిపోయేది అదే.

కూకట్‌పల్లి కర్రీస్:
థాంక్సండీ అందరికీ. కాటా పెడితే మా మాస్టర్ నా మీద అనుమానమా అంటాడేమో, మనిషి మంచోడే గానీ కోపం ఎక్కువ.

గోదారి మెస్:
నోట్‌బుక్ ఆయన చేతికే ఇచ్చి రాయమనండి అక్కా. వారం తిరిగేసరికి ఎక్కువ మిగిలే కూర ఆయనే తగ్గిస్తాడు.