బెంగళూరా, అహ్మదాబాదా? మోడర్న్ ఆర్ట్, డిజైన్ మ్యూజియంలకు మూడు రోజులు

పటమట వాసి (ప్రశ్న):
విజయవాడ నుంచి అమ్మ (68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు), అమ్మాయి (ఏడో తరగతి, బొమ్మలు వేస్తుంది), నేను వెళ్తున్నాం. శని, ఆది, సోమవారాలు ఖాళీ. ఆధునిక చిత్రకళతో పాటు వస్త్రాలు, వస్తువుల డిజైన్ కూడా చూడాలని ఉంది. ఏ ఊరు మేలు? రోజుకు ఎన్ని మ్యూజియంలు పెట్టుకోవచ్చు?

బ్రాడీపేట:
ముందు ఆ సోమవారాన్ని మార్చండి. బెంగళూరులో చూడాల్సిన రెండూ, అంటే ప్యాలెస్ రోడ్డులోని ఎన్‌జీఎంఏ (నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్), కస్తూర్బా రోడ్డులోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ (అందరూ మ్యాప్ అంటారు), సోమవారం సెలవు. మీరు సోమవారానికి బదులు శుక్రవారం సెలవు పెట్టుకుంటే మూడు రోజులూ పనికొస్తాయి. సోమవారం తప్పదంటే ఆ రోజు కస్తూర్బా రోడ్డులోనే ఉన్న విశ్వేశ్వరయ్య మ్యూజియానికి వెళ్లండి. అక్కడ ఉన్నవి యంత్రాలే అయినా పాపకు నచ్చుతుంది.

రైలుకు కొండవీడు ఎక్స్‌ప్రెస్ చూడండి, వారానికి మూడు రోజులే నడుస్తుంది. యశ్వంత్‌పూర్‌లో దిగి గ్రీన్ లైన్ మెట్రోలో మెజెస్టిక్, అక్కడ పర్పుల్ లైన్‌కు మారి కబ్బన్ పార్క్. సామాను ముందే హోటల్లో పెట్టేయండి, పెద్ద బ్యాగులతో గ్యాలరీల్లోకి పోనివ్వరు.

రోజుకు ఒకటే. రెండూ రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి కదా అని ఒక్క పూటలో చుట్టేస్తారు చాలామంది. రెండు గంటలు దాటాక కళ్లు బొమ్మల మీద ఉంటాయి గానీ మనసు ఉండదు. మ్యాప్ 2023లో తెరిచారు, ప్రదర్శనలు మారుతూ ఉంటాయి. ఒకటి దించి ఇంకొకటి కట్టే రోజుల్లో ఆ గది మూసి ఉంటుంది కాబట్టి టికెట్ కొనేముందు వాళ్ల వెబ్‌సైట్‌లో ఏవి తెరిచి ఉన్నాయో చూడండి. భవనం బయటి గోడను కూడా గమనించండి, పాత రేకు నీళ్ల ట్యాంకుల మీద ఉండే ముద్రల్లాంటివి స్టీలు పలకల మీద తీశారు. డిజైన్ పాఠం అక్కడే మొదలవుతుంది.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ బొమ్మలే ఎక్కువగా చూడాలంటే మాత్రం ఢిల్లీ ఎన్‌జీఎంఏ ఉన్న జైపూర్ హౌస్‌కే వెళ్లాలి.

గుణదల:
డిజైన్ అంటే నా ఓటు అహ్మదాబాద్‌కే, కానీ మూడు రోజులు చాలవు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ మన విజయవాడ మీదుగానే వెళ్తుంది, రైల్లోనే ఒక రోజు పైన పోతుంది. ఐదారు రోజులుంటే వెళ్లండి. అక్కడి వస్త్రాల మ్యూజియం, కాలికో, 1949 నాటిది. ముందే బుక్ చేసుకున్న కొద్దిమందినే గైడ్ వెంట లోపలికి పంపుతారు. బుధవారం సెలవు. నేరుగా గేటు దగ్గరికి వెళ్తే తిరిగి రావడమే. గదుల్లో వెలుతురు బాగా తక్కువ. అద్దకపు రంగులు వెలుతురుకి వెలిసిపోతే ఇక తిరిగి రావు, అందుకే వస్త్రాల మీద వెలుతురును సుమారు 50 లక్స్‌కు (వెలుతురు కొలత) మించనివ్వకపోవడం మ్యూజియంల పద్ధతి. ఎండలోంచి వచ్చాక కళ్లు అలవాటుపడటానికి ఐదు నిమిషాలు ఆగి నడవండి, అమ్మగారికి మరీ ముఖ్యం.

వెళ్లే ముందు ఒక ఆదివారం పెడన పోయి కలంకారీ చెక్క అచ్చులు, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ, పటిక వేసిన చోటే ఎరుపు పట్టడం పాపకు చూపించండి. ఆ తర్వాత మ్యూజియంలో పాత కోరమండల్ (మన తూర్పు తీరపు) అద్దకపు వస్త్రం ముందు నిలబడితే, ఎన్నిసార్లు ఉతికి ఎన్నిసార్లు ఉడకబెట్టి ఉంటారో తనే లెక్కేస్తుంది. ఈ ఒక్క పని చేయకుండా వెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

పటమట వాసి:
శుక్రవారానికి మార్చి బెంగళూరే ఖాయం చేస్తున్నానండీ. అమ్మ నిలబడలేరు, పాప బొమ్మలు గీస్తానంటోంది. కుదురుతుందా?

సత్యనారాయణపురం:
వీల్‌చైర్ ఉందా, లిఫ్ట్ పనిచేస్తోందా అని ముందురోజు ఫోన్ చేసి అడగండి. ఎన్‌జీఎంఏ పాత బంగళాకు కొత్త విభాగం కలిపి కట్టింది. ఏ గదికి మెట్లు లేకుండా వెళ్లొచ్చో కౌంటర్లో అడిగి ఆ వరుసలోనే తిరగండి. ఏసీ చలికి ఒక శాలువా ఉంచండి.

పాపకు పెన్సిల్, అరచేతి సైజు పుస్తకం చాలు. పెన్నులు, రంగులు తేవద్దు, సిరా చుక్క బొమ్మ మీద పడితే తుడవలేరు. ముందు ఆగకుండా గది మొత్తం ఒక చుట్టు తిరగమనండి. తర్వాత తన మనసును లాగిన బొమ్మ దగ్గరికే వచ్చి పది నిమిషాలు గీసుకోమనండి. పేరు, సంవత్సరం రాసి ఉన్న చీటీ ఆఖరున చదవాలి. ముందే చదివితే పిల్లలు చీటీలో ఉన్నదే బొమ్మలో వెతుకుతారు. బ్యాగు వీపున వద్దు, ముందుకు వేసుకోమనండి, వెనక్కి తిరిగినప్పుడు ఫ్రేములకు తగిలేది అదే.