ఫైర్‌ఫాక్స్‌లో దాచిన పాస్‌వర్డ్‌లన్నీ మాయం, చూస్తే 20వ తేదీ దగ్గరకొచ్చింది

బ్రాడీపేట 4వ లైను:
గుంటూరు మిర్చి యార్డు కమిషన్ వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. 41 మంది క్లయింట్లు. అందరి పాస్‌వర్డ్‌లూ ఆఫీసు కంప్యూటర్లో ఫైర్‌ఫాక్స్‌లోనే దాచుకున్నా. మొన్న సిస్టం మొరాయిస్తుంటే ఒక షాపు అబ్బాయిని పిలిచా. సీ డ్రైవ్ నిండిపోయిందని ఫైర్‌ఫాక్స్ తీసేసి, డీ డ్రైవ్‌లో మళ్లీ వేసి వెళ్లాడు. ఇప్పుడు చూస్తే పాస్‌వర్డ్‌ల పేజీ ఖాళీ. బుక్‌మార్కులు కూడా లేవు. నెలనెలా వేసే 3బీ రిటర్ను గడువు 20. ఫర్గాట్ పాస్‌వర్డ్ కొడదామంటే ఓటీపీ వాళ్ల ఫోన్లకే పోతుంది. పొద్దున బేరాల టైంలో యార్డులో ఫోనెత్తేది ఎవరు? ఒకటే టెన్షన్.

కృష్ణలంక కుర్రాడు:
అన్నా, ఇంకోసారి తీసేసి మళ్లీ వేసి చూడు. నాకొకసారి అలాగే సరైంది.

ఏలూరు రోడ్డు సిస్టమ్స్:
వద్దు, దయచేసి ఇప్పుడేమీ తీయకండి, వేయకండి. బుక్‌మార్కులు కూడా పోయాయన్నారు కదా, అసలు క్లూ అదే. పాస్‌వర్డ్‌లు ఒక్కటే పోతే కథ వేరు. అన్నీ ఒకేసారి పోయాయంటే మీరు వేరే ప్రొఫైల్‌లో ఉన్నారని అర్థం. ప్రొఫైల్ అంటే మీ పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు, సెట్టింగులు అన్నీ ఉండే ఫోల్డర్.

2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ ఒక్కో ఇన్‌స్టలేషన్‌కి ఒక్కో ప్రొఫైల్ కేటాయిస్తుంది. ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్ మారితే దాని లెక్కలో అది కొత్త ఇన్‌స్టలేషన్. సీ నుంచి డీకి మార్చారు కాబట్టి కొత్త ప్రొఫైల్ తెరుచుకుంది. ప్రోగ్రామ్ తీసేసినా పాత ప్రొఫైల్ చెరిగిపోదు, యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా కింద అలాగే ఉంటుంది. షాపబ్బాయి సీ డ్రైవ్ ఖాళీ చేసే ఊపులో దాన్ని కూడా ఊడ్చేసి ఉంటేనే కష్టం.

అడ్రస్ బార్‌లో ఎబౌట్, కోలన్, ప్రొఫైల్స్ అని ఖాళీ వదలకుండా ఇంగ్లిషులో కొట్టండి. రెండో మూడో ప్రొఫైళ్లు కనబడతాయి. ఇప్పుడు వాడుతున్నది ఏదో అక్కడే రాసి ఉంటుంది. మిగతావాటిని కొత్త విండోలో తెరిచే బటన్ ఉంటుంది, నొక్కి చూడండి. మీ బుక్‌మార్కులు కనబడితే అదే మీది. దాన్ని డిఫాల్ట్‌గా పెట్టేయండి.

లబ్బీపేట టీచర్:
ఇందుకే నేను ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకుంటాను. విండోస్ మారినా ఎర్ర అట్ట మారదు.

బ్రాడీపేట 4వ లైను:
మేడం, మా ఆఫీసులో ముగ్గురు కుర్రాళ్లు పనిచేస్తారు. పుస్తకం టేబుల్ మీద ఉంటే 41 మంది గుట్టూ టేబుల్ మీదున్నట్టే.

ఏలూరు రోడ్డు సిస్టమ్స్:
ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్, అంటే దాచినవాటన్నిటికీ కలిపి వేసే ఒక తాళం, పెట్టకపోతే దాదాపు అంతేనండీ. పాస్‌వర్డ్‌లు లాగిన్స్ డాట్ జేసన్ అనే ఫైల్లో, వాటిని విప్పే తాళంచెవి కీ ఫోర్ డాట్ డీబీ అనే ఫైల్లో ఉంటాయి. రెండూ ఒకే ఫోల్డర్. ఆ రెంటినీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోతే ఇంకో కంప్యూటర్లో తెరుచుకుంటాయి. బ్యాకప్ తీసేటప్పుడూ ఇదే గుర్తుపెట్టుకోండి, జేసన్ ఒక్కటే తీస్తే ఎందుకూ పనికిరాదు. ప్రైమరీ పాస్‌వర్డ్ పెడితే మాత్రం మర్చిపోకూడదు. దాన్ని రీసెట్ చేస్తే దాచినవన్నీ చెరిగిపోతాయి.

పటమట డ్యూటీ డాక్టర్:
నాది క్రోమ్ కథ. లాప్‌టాప్ విండోస్ పాస్‌వర్డ్ మర్చిపోయి, తెలిసినవాళ్ల చేత బయటి నుంచి రీసెట్ చేయించాను. లాగిన్ అయ్యాను గానీ క్రోమ్‌లో దాచినవి పనిచేయలేదు. విండోస్ తన తాళాన్ని నా పాత పాస్‌వర్డ్‌తో ముడిపెట్టి ఉంచుతుందట, క్రోమ్ ఆ తాళాన్నే వాడుతుందట. అదృష్టం కొద్దీ గూగుల్ అకౌంట్‌తో సింక్ ఆన్‌లో ఉంది, ఫోన్లో అన్నీ ఉన్నాయి. లేకపోతే గోవిందా.

కృష్ణలంక కుర్రాడు:
మరి పాస్‌వర్డ్‌లన్నీ సీఎస్‌వీ అనే జాబితా ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుంటే గొడవుండదు కదా అన్నా?

ఏలూరు రోడ్డు సిస్టమ్స్:
తమ్ముడూ, దాంట్లో అన్నీ బట్టబయలు. ఎక్సెల్‌లో తెరిస్తే వరుసగా చదువుకోవచ్చు. వేరే బ్రౌజర్‌కి మార్చుకునేటప్పుడు తీసి, పని కాగానే చెరిపేయాలి, రీసైకిల్ బిన్‌తో సహా. డెస్క్‌టాప్ మీద వదిలేసిన సీఎస్‌వీలు సర్వీసుకొచ్చిన సిస్టమ్స్‌లో నేను ఎన్ని చూశానో.

బ్రాడీపేట 4వ లైను:
దొరికాయి! మూడు ప్రొఫైళ్లు కనిపించాయి. రెండోది తెరవగానే నా బుక్‌మార్కులు, ఆ వెంటే 41 లాగిన్లు. ఏలూరు రోడ్డు గారూ, మీకు ఒక కిలో సన్న కారం బాకీ. కాకపోతే ఒక చిక్కు. 39 పనిచేస్తున్నాయి, రెండు మాత్రం తప్పంటోంది.

ఏలూరు రోడ్డు సిస్టమ్స్:
అది ప్రొఫైల్ గొడవ కాదు. ఒకే సైటుకి 41 యూజర్ నేమ్‌లు ఉన్నచోట ఇది మామూలే. పాస్‌వర్డ్ మార్చినప్పుడు పైన చిన్న పెట్టె వచ్చి అప్‌డేట్ చేయమంటారా అని అడుగుతుంది. పాస్‌వర్డ్ మార్చే పేజీలో యూజర్ నేమ్ గడి లేకపోతే ఎవరి ఖాతాయో బ్రౌజర్ ఊహించుకోవాల్సిందే. ఆ పెట్టెలో యూజర్ నేమ్ మనమే దిద్దవచ్చు. అది చూడకుండా అప్‌డేట్ నొక్కితే సుబ్బయ్య పాస్‌వర్డ్ వెంకయ్య ఖాతాలో పడుతుంది. ఆ రెండు పాస్‌వర్డ్‌లూ అటూ ఇటూ మార్చి కొట్టి చూడండి, అప్పటికీ కాకపోతే రీసెట్ చేయక తప్పదు.

పటమట డ్యూటీ డాక్టర్:
నాకు ఒక సైటులో అసలు సేవ్ చేయమంటారా అనే అడగట్లేదు. ఎందుకంటారు?

ఏలూరు రోడ్డు సిస్టమ్స్:
ఎప్పుడో చిరాకులో నెవర్ నొక్కి ఉంటారు. పాస్‌వర్డ్ సెట్టింగుల్లో అలాంటి సైట్ల లిస్టు ఉంటుంది, అందులోంచి తీసేయండి.

బ్రాడీపేట 4వ లైను:
ఇద్దరిలో ఒకాయన ఇంట్లోనే ఉన్నారు, పనైపోయింది. రెండో ఆయనకి ఫోన్ చేసి ఓటీపీ చెప్పండి అంటే, "ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దని మీరే కదండీ అన్నారు" అని పెట్టేశారు. బండేసుకుని యార్డుకి బయల్దేరుతున్నా.