చీరతో బండి వెనక ఒక పక్కకి కూర్చోవడం మానేయాలా?

రాజమండ్రి_బాబాయి:
మొన్న అమ్మని పెళ్ళికి తీసుకెళ్తుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర సీటు మీంచి జారింది. నా చొక్కా పట్టుకుని ఆగింది, కాలర్ చిరిగింది. ఇంటికొచ్చాక గట్టిగా చెప్పాను: ఇక నా బండి ఎక్కితే కాళ్ళు అటొకటి ఇటొకటి వేసుకునే కూర్చోవాలని. రెండు రోజులుగా మాటల్లేవు. పక్కకి కూర్చుంటే బరువు ఎడమకే పడుతుంది, మలుపులో బండి లాగేస్తుంది. నేనన్నది తప్పా?

మంగళగిరి_కోడలు:
పెళ్ళికి పట్టుచీర కట్టుకున్నావిడ కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తుకుని కూర్చోవాలా బాబాయ్? స్పీడ్ బ్రేకర్ ఎంత స్పీడులో ఎక్కించారో మాత్రం రాయలేదే!

రాజమండ్రి_బాబాయి:
ముప్పై ఉంటుందేమో.

మంగళగిరి_కోడలు:
అదీ సంగతి.

గేర్_నాలుగు:
అక్కా, పదిలో వెళ్ళినా కుక్క అడ్డొస్తే సడన్ బ్రేక్ తప్పదు. అటూ ఇటూ కాళ్ళుంటే తొడలతో సీటు పట్టుకోవచ్చు. పక్కకి కూర్చుంటే ఆ పట్టే ఉండదు. చట్టం ఇందులో కలగజేసుకోలేదు. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ వెనక ఒక్కరినే, సరైన సీటు మీదే ఎక్కించమంటుంది. కాళ్ళు ఎటు పెట్టాలో చెప్పదు.

షెడ్డు_మనిషి:
నేను మెకానిక్‌ని. మీరు కాళ్ళ గురించి కొట్టుకుంటున్నారు, నా దగ్గరికొచ్చేవి చున్నీ కేసులు. చైన్‌కీ పళ్ళచక్రానికీ మధ్య తాడులా మెలిపడి, గ్రీజు పట్టి నల్లగా అయిపోతుంది. చక్రం వెనక్కి తిప్పుతూ బ్లేడుతో ముక్కలు ముక్కలుగా కోసి తీయాలి. మెడకి చుట్టుకున్న చున్నీ అయితే? కాళ్ళు ఎటు వేసుకున్నా ఒకటే. అందుకే కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 123వది వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే గార్డు, చేత్తో పట్టుకునే కడ్డీ, ఫుట్‌రెస్ట్ ఉండాలంటుంది. కుర్రాళ్ళు కొత్త బండి తెచ్చిన వారానికే లుక్ పోతోందని గార్డు పీకించేస్తారు. అడిగితే నేనూ పీకాను, అబద్ధమెందుకు. ఇప్పుడు పీకను.

కొంగు నడుముకి చుట్టి దోపుకోండి. ఇద్దరెక్కితే వెనక టైరుకి గాలి ఎంతో బండి మీద స్టిక్కర్ ఉంటుంది, చూసి కొట్టించండి.

గేర్_నాలుగు:
అమ్మకి హెల్మెట్ ఉందా బాబాయ్? వెనకవాళ్ళకీ తప్పనిసరి. లేకపోతే 194డి కింద వెయ్యి ఫైను, మూడు నెలలు లైసెన్సు బంద్.

మంగళగిరి_కోడలు:
దీనికి మాత్రం ఎదురు చెప్పను. నేను మల్లెపూలు డబ్బాలో పెట్టుకెళ్ళి మండపం దగ్గర దిగాక తురుముకుంటాను.

రాజమండ్రి_బాబాయి:
గార్డు నేనే పీకించాను. అటక మీదుంది, రేపు బిగిస్తా. హెల్మెట్ కూడా కొంటా. కాళ్ళ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మంగళగిరి_కోడలు:
తీసుకోకండి. ముందు ఆ ముప్పై తగ్గించి, అమ్మతో మాట్లాడండి.