వార్డుల పటంలో టీబీ, హెచ్ఐవీ: నా ఎర్ర వార్డుని నమ్మొచ్చా?

పటాలపిచ్చి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను డాక్టర్‌ని కాదు, లెక్కలవాణ్ణి. ఒక నగర టీబీ విభాగంలో డేటా చూసే పని, చేరి ఎనిమిది నెలలైంది. టీబీ, హెచ్ఐవీ రెండూ ఉన్నవాళ్లు నగరంలో ఎక్కడెక్కడ ఎక్కువున్నారో పటం గీసి ఇమ్మన్నారు. మూడేళ్ల రిజిస్టరు ఉంది, వార్డుల హద్దులున్న షేప్‌ఫైల్ ఉంది, జనాభా లెక్కలున్నాయి. పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా వచ్చు. ఒక సాయంత్రం పని అనుకున్నాను.

పటం వచ్చింది. మధ్యలో ఒక బుల్లి వార్డు కణకణలాడే నిప్పులా ఉంది. ఎందుకో అనుమానం వచ్చి దాని వరుస తెరిచి చూశా. జనాభా 400. కేసు ఒక్కటి. లక్షకి 250! దాని పక్కనే 40,000 మంది ఉన్న వార్డులో 60 కేసులు. లక్షకి 150, కాబట్టి లేత నారింజ. అరవై మంది ఉన్నచోట రంగు వెలిసిపోయింది, ఒక్కరున్నచోట మంటలు లేచాయి. ఈ పటం పట్టుకెళ్లి మీటింగులో పెడితే మందులూ మనుషులూ ఎటు వెళ్తారో తలుచుకుంటే భయం వేసింది.

తవ్వేకొద్దీ ఇంకా బయటపడ్డాయి. 19 మందికి ఒకటే డోర్ నంబరు ఉంది. ఒకే ఇంట్లో ఇంతమందా అని గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే అది వాళ్లు చికిత్స తీసుకుంటున్న ఆసుపత్రి నంబరే. చాలామంది టీబీ రోగులకి హెచ్ఐవీ గడి ఖాళీగా ఉంది. ఖాళీ అంటే 'లేదు' అనుకుని సున్నా వేసేశాను. ఇప్పుడు అది తప్పేమో అనిపిస్తోంది.

నా సందేహాలు ఇవీ. దేనితో భాగించాలి? చిన్న వార్డుల్ని ఏం చేయాలి? వార్డులకి రంగులు వేయడం మానేసి, ఇంటికో చుక్క పెడితే నయమా?

హారం_ముందు

నేను ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు ఎక్కడ, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం) పాఠాలు చెబుతుంటాను. మీకు అనుమానం రావడమే సగం పని. చాలామందికి రాదు, పటం అందంగా వచ్చిందని సంతోషించి ఊరుకుంటారు.

మీ 400 మంది వార్డులో ఒక్క కేసుని బట్టి అసలు రేటు ఎంతుండొచ్చో 95 శాతం నమ్మకంతో హద్దులు కడితే, లక్షకి సుమారు 6 దగ్గర మొదలై 1,400 దాకా సాగుతుంది. అంటే ఆ అంకె మనకి ఏమీ చెప్పడం లేదు. 60 కేసుల వార్డుకి అదే లెక్క కడితే 114 నుంచి 193. అదీ మాట్లాడే అంకె. (అన్నట్టు, మూడేళ్ల కేసుల్ని ఒక ఏడాది జనాభాతో భాగించినట్టున్నారు. ఏడాది రేటు కావాలంటే ఇంకో మూడుతో భాగించండి. ఎవరైనా పక్క నగరంతో పోల్చారంటే నవ్వులపాలవుతారు.)

చిన్న వార్డుల కోసం ఎంపిరికల్ బేస్ సవరణ వాడతాం. కేసులు తక్కువున్న వార్డు రేటుని నగర సగటు వైపో, చుట్టుపక్కల వార్డుల సగటు వైపో లాగుతుంది. పెద్ద వార్డుని దాదాపు ముట్టుకోదు. మీ నిప్పు ఒక్క దెబ్బకి ఆరిపోతుంది.

అయితే అంతకన్నా ముందు తేలాల్సింది హారం. లవంలో ఉన్నది అదే మనుషులైనా, కింద దేన్ని పెడతారన్నదాన్ని బట్టి ప్రశ్న మారిపోతుంది. మొత్తం జనాభాతో భాగిస్తే భారం ఎక్కడుందో తెలుస్తుంది. సిబ్బందిని పంచడానికి అది చాలు. హెచ్ఐవీ ఉన్నవాళ్ల సంఖ్యతో భాగిస్తే వేరే కథ. ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతున్నా హెచ్ఐవీ లేని మనిషికి అది జీవితం మొత్తమ్మీద జబ్బుగా మారే అవకాశం 5 నుంచి 10 శాతం. హెచ్ఐవీ ఉండి చికిత్స లేకపోతే దాదాపు అంత ముప్పు ఒక్క ఏడాదిలోనే వచ్చిపడుతుంది. ఏఆర్టీ (హెచ్ఐవీని అణచే మందులు) మొదలుపెడితే ఆ ముప్పు మూడింట రెండొంతులు తగ్గుతుంది, నివారణ మందులు వేస్తే ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఈ హారంతో ఎర్రబడిన వార్డులో మొదట అడగాల్సింది, ఏఆర్టీ ఆలస్యంగా అందుతోందా అని. ఇక మూడోది, హెచ్ఐవీ పరీక్ష అయిన టీబీ రోగులతో భాగించడం. మూడు పటాలూ గీయండి. మూడింట్లోనూ ఒకే వార్డు ఎర్రగా రావాలని లేదు. రాకపోతేనే ఆలోచించడానికి ఏదైనా దొరుకుతుంది.

ఖాళీ గడిని సున్నా చేయడం మాత్రం పెద్ద తప్పండీ. ఒక వార్డులో 60 మంది టీబీ రోగులు, 30 మందికే హెచ్ఐవీ పరీక్ష, అందులో 6 పాజిటివ్ అనుకోండి. మీ పద్ధతిలో 10 శాతం. పరీక్ష అయినవాళ్లలో చూస్తే 20. డాక్టర్లు అనుమానం ఉన్నవాళ్లకే పరీక్ష రాస్తుంటే ఈ 20 కూడా ఎక్కువ చెప్పినట్టే. అందుకని అన్నిటికన్నా ముందు 'పరీక్ష కానివారు' అన్నదానికే ఒక పటం వేయండి. పైవాళ్లు అడగరు, అయినా అదే ముందు చూపించండి.

ఇంకొకటి. టీబీ పటం మీద హెచ్ఐవీ పటం పెట్టి, రెండూ ముదురుగా ఉన్నచోట రెండు జబ్బులూ ఉన్నవాళ్లు ఉన్నారనేస్తుంటారు కొందరు. ఒకే వీధిలో ఒకరికి టీబీ, ఇంకొకరికి హెచ్ఐవీ ఉండొచ్చు. మనకి కావాల్సింది ఒకే మనిషిలో రెండూ. దానికి రెండు రిజిస్టర్లలో మనిషిని మనిషితో కలపాల్సిందే, అడ్డదారి లేదు.

హాట్‌స్పాట్ (కేసులు నిజంగానే గుమిగూడిన చోటు) తేల్చడానికి సాట్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఉచితమే. గణాంకవేత్త కుల్‌డార్ఫ్ 1997లో రాసిన స్కాన్ పద్ధతి: చిన్నా పెద్దా వలయాల్ని, అంటే 'కిటికీల్ని', పటమంతా జరుపుతూ లోపల కేసులు ఎక్కువున్నాయా అని చూస్తుంది. మీ నగరంలో 150 వార్డులుంటే, ఒక్కో వార్డుకీ విడిగా, పొరపాటున ఎర్రబడే అవకాశం 5 శాతం ఉండే గీటు పెట్టి చూస్తే ఎక్కడా ఏమీ లేకపోయినా ఏడెనిమిది ఎర్రబడతాయి. స్కాన్ పద్ధతి ఆ బెడద తప్పిస్తుంది. కిటికీ గరిష్ఠ పరిమాణం మామూలుగా జనాభాలో 50 శాతం అని ఉంటుంది. దాన్ని తగ్గించండి, లేకపోతే సగం నగరాన్ని ఒకే క్లస్టర్ అని చేతిలో పెడుతుంది.

ఛాతీ_వార్డు

పై మాటలన్నీ ఒప్పుకుంటూ ఒక డాక్టరుగా రెండు మాటలు.

మీ పటంలో తెల్లగా ఉన్న వార్డుల్ని చూసి ధైర్యపడకండి. హెచ్ఐవీ ముదిరినవాళ్ల ఊపిరితిత్తుల్లో గుహలు పెద్దగా ఏర్పడవు, కళ్లెలో క్రిములు తక్కువగా వస్తాయి. మైక్రోస్కోపు కింద నెగెటివ్ అంటుంది. జబ్బు లింఫు గ్రంథుల్లోనో మెదడు పొరల్లోనో ఉంటే కళ్లె పరీక్షతో దొరకనే దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో సిఫారసు చేసిన, క్రిమి డీఎన్ఏని పట్టే కార్ట్రిడ్జ్ పరీక్ష ఉన్నచోట ఇలాంటివాళ్లు ఎక్కువమంది బయటపడతారు. మైక్రోస్కోపుతోనే నెట్టుకొస్తున్నచోట పటం తెల్లగా ఉంటుంది. ఏ వార్డువాళ్లకి ఏ పరీక్ష చేశారో ఆ కాలమ్ మీ దగ్గర ఉందేమో చూడండి.

రెండోది. పటం అనగానే అందరూ 1854లో జాన్ స్నో లండన్‌లో వేసిన కలరా పటం చెబుతారు. కలరా తగిలాక గంటల్లో, మహా అయితే కొద్ది రోజుల్లో బయటపడుతుంది. అందుకని చనిపోయినవాళ్ల ఇళ్లు గుర్తిస్తే మధ్యలో ఉన్న నీళ్ల పంపు కనిపించింది. టీబీ అలా కాదు. తగిలాక నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఈలోగా మనిషి రెండు ఇళ్లు మారి ఉంటాడు, పగలంతా ఇంకెక్కడో పనిచేసి ఉంటాడు, కొంతకాలం జైల్లో ఉండి ఉండొచ్చు. మీ పటం చూపించేది జబ్బు బయటపడ్డప్పుడు అతను చెప్పిన చిరునామాని. ఇక్కడే అంటుకుంది అని దాన్ని చూసి ఎవరైనా రాస్తే కొట్టేయండి.

పాత_సూపర్‌వైజర్

'చెప్పిన చిరునామా' అన్నారే, అది బాగుంది డాక్టరుగారూ. ఇరవై ఏళ్లు మందులు పట్టుకుని ఆ చిరునామాల వెంటే తిరిగాను నేను.

బాబూ, ఆ 19 మంది ఆసుపత్రి నంబరు ఎందుకిచ్చారో ఆలోచించావా? కొందరికి ఇల్లే లేదు. మిగతావాళ్లకి ఇల్లుంది గానీ మేం అక్కడికి రాకూడదు. బండాపి తలుపు తడితే వీధంతా చూస్తుంది. అందుకే తన పేట దగ్గరి కేంద్రం వదిలేసి, నగరం ఆ చివరికి రెండు బస్సులు మారి వెళ్తారు. అక్కడ చుట్టాల చిరునామా ఇస్తారు, లేదా నోటికొచ్చింది చెబుతారు. నీ కంప్యూటర్ ఆ అబద్ధాన్ని అక్షాంశం, రేఖాంశంతో సహా గుర్తుపెడుతుంది.

వెతకాల్సినవాళ్లు ఆ అబద్ధపు చిరునామాలవాళ్లే. వాళ్లే మధ్యలో మందులు ఆపేస్తారు. జియోకోడింగ్‌లో, అంటే చిరునామాని పటం మీద చోటుగా మార్చేటప్పుడు, దొరకని వరుసలన్నీ తీసి పారేశావేమో, ముందు అవి వెనక్కి తెచ్చుకో.

పటాలపిచ్చి

పారేశానండీ. ఒప్పుకుంటున్నాను. దొరకనివాటిని 'చెత్త' అనే ఫైల్లో పెట్టాను, పేరు కూడా అదే. ఇవాళ తెరిచి చూస్తే మందులు మధ్యలో ఆపేసినవాళ్లు అందులోనే ఎక్కువ కనిపించారు. ఫైలు పేరు మార్చాను.

ఎంపిరికల్ బేస్ చేశాక బుల్లి వార్డు మామూలు రంగులోకి వచ్చేసింది. పరీక్ష కానివారి పటం వేస్తే మాత్రం నగరం ఉత్తరం వైపంతా ఒకే పట్టీగా ముదిరింది. నా మొదటి పటంలో తెల్లగా, ప్రశాంతంగా ఉన్నది సరిగ్గా ఆ వైపే.

చుక్కల సంగతి ఎవరూ చెప్పలేదు. పేర్లు తీసేసి చుక్కలు మాత్రమే పెడితే ఇబ్బంది ఏముంటుంది?

రెండూ_ఉన్నవాణ్ణి

ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. పేరు తీసేస్తే ఇబ్బంది ఏముంటుంది అన్నారు కాబట్టి రాస్తున్నాను.

నాకు ముందు టీబీ తెలిసింది. రెండు వారాల తర్వాత రెండోది తెలిసింది. టీబీ గురించి ఇంట్లో చెప్పాను. రెండోది ఇప్పటికీ ఒక్కరికే తెలుసు. ఆరు నెలల మందులు పూర్తిచేశాను, ఏఆర్టీ మానకుండా వాడుతున్నాను, బాగున్నాను.

మా ఇల్లు వీధి మలుపులో ఉంటుంది, పక్కన ఖాళీ స్థలం. మీ చుక్క దాని మీద పడితే అది మా ఇల్లే. పేరు ఎందుకు? దగ్గుతూ చిక్కిపోయిన రోజుల్లో నన్ను చూసినవాళ్లు ఎంతోమంది. అప్పుడు వాళ్లకి సగమే తెలుసు. మిగతా సగం మీ పటం చెబుతుంది.

వార్డు రంగుతో కూడా భయమే అండీ. మీరు చెప్పిన 400 మంది వార్డులో ఉన్న ఆ ఒక్కరూ నేనే అనుకోండి.

హారం_ముందు

ఇది నేనే ముందు చెప్పాల్సింది. లెక్కల హడావిడిలో పడి వదిలేశాను, క్షమించండి.

2006లో అమెరికాలో పరిశోధకులు ఇదే చేసి చూశారు. కల్పిత రోగుల చిరునామాల్ని బోస్టన్ పటం మీద చుక్కలుగా పెట్టి, ఆ బొమ్మ నుంచే వెనక్కి వెళ్లి ఇళ్లు పట్టగలమా అని ప్రయత్నించారు. చాలావాటిని సరిగ్గా ఆ ఇంటికే పట్టేశారు. కాబట్టి పటాలపిచ్చి గారూ, చుక్కలు బయటికి వెళ్లకూడదు. లోపల విశ్లేషణకి తప్పదంటే ప్రతి చుక్కనీ ఏదో ఒక దిక్కుకి, ఇంత దూరానికి తగ్గకుండా, అంత దూరానికి మించకుండా జరిపి వాడతారు. జరపడం ఒక్కసారే. ప్రతి నివేదికకీ కొత్తగా జరిపితే, నాలుగు నివేదికలు పక్కపక్కన పెట్టి సగటు తీసినవాడికి అసలు ఇల్లు దొరికిపోతుంది.

వార్డు పటంలో 5 కన్నా తక్కువున్న అంకెల్ని దాచండి, లేదా ఆ వార్డుల్ని పక్కవాటితో కలపండి. దాచేటప్పుడు ఒక్క వార్డునే దాచి కింద మొత్తం వేశారా, తీసివేత తెలిసిన పిల్లాడు కూడా చెప్పేస్తాడు. కలిపాక స్కాన్ మళ్లీ చేయండి. గీతలు మారితే హాట్‌స్పాట్ కూడా కాస్త జరుగుతుంది. రెండు మూడు రకాలుగా కలిపినా నిలబడినదాన్నే నివేదికలో రాయండి.

పటాలపిచ్చి

రెండూ ఉన్నవాణ్ణి గారూ, మీ మాటలు చదివాక చుక్కల ఫైలు తీసేశాను. బుల్లి వార్డుల్ని పక్కవాటితో కలిపాను. మూడు రకాలుగా కలిపి చూస్తే ఒక్క చోటే నిలబడింది. అది ఆ నిప్పు వార్డు కాదు, పక్కనున్న లేత నారింజ. మొదటి పేజీలో పరీక్ష కానివారి పటం పెట్టాను. పైవాళ్లు ఇది అడగలేదు కదా అన్నారు, ఉంచమనీ అన్నారు.

పాత_సూపర్‌వైజర్

ఆ 19 మందిని ఏ వార్డులో వేశావు బాబూ?

పటాలపిచ్చి

ఎక్కడా వేయలేదండీ. వాళ్లనీ ఆ 'చెత్త' ఫైల్లోవాళ్లనీ కలిపి పటం కింద విడిగా ఒక వరుస పెట్టాను, 'చిరునామా తెలియనివారు' అని. మొత్తంలో వాళ్లూ ఉన్నారు.